గేటు దగ్గర పుట్టిన కొడుకులు

దుబాయ్ మునిగిన ఏడాది అది. రోడ్ల మీద కార్లు తేలాయి, విమానాలు నీళ్ళలో నిలబడ్డాయి. నేనున్నది దుబాయ్ కాదు, ఖతర్. మా ఊరివాళ్ళకు ఆ తేడా లేదు. సముద్రం దాటినవాళ్ళంతా వాళ్ళ దృష్టిలో దుబాయ్‌లోనే ఉంటారు. ఆ రెండు రోజులూ మా ఇంటికి మనుషులు వస్తూనే ఉన్నారట, ముత్యం ఉన్నడా కొట్టుకపోయిండా అని. నా భార్య గౌరవ్వ వచ్చినవాళ్ళందరికీ చాయ్ పోసి, వాళ్ళు పోయాక నాకు వీడియో కాల్ చేసింది. ఎట్లున్నావని అడగలేదు. కాసేపు నా ముఖం చూసి, "నువ్వున్న కాడికి సముద్రమెంత దూరం?" అంది.

"బండి మీద పోతే అర్ధగంట."

"ఎట్లుంటది?"

"నీళ్ళుంటయి."

"కాళ్ళు వెట్టినవా?"

"లేదు."

"ముప్పై ఏండ్ల సంది దాని పక్కపొంటనే ఉన్నవు గదనయ్యా" అంది.

ఉన్నాను. కానీ బిర్కత్ అల్ అవామిర్‌లో కంపెనీ క్యాంపులో ఉన్నాను. మొదట సెంట్రింగ్ పని చేశాను. మోకాళ్ళు అరిగాక స్టోరు దగ్గర కాపలా ఇచ్చారు. సెలవు శుక్రవారం ఒక్కటే. శుక్రవారం మంచి ఒడ్లన్నీ ఫ్యామిలీలకే అంటారు. పక్కన భార్య లేని కూలిమనిషిని ఇక్కడ బ్యాచిలర్ అంటారు. నాకు పెళ్ళయి ముప్పై ఆరేళ్ళు. ఇద్దరు బిడ్డలు, ముగ్గురు మనవలు. అయినా నేను బ్యాచిలర్‌నే. "బ్యాచిలర్ మాఫీ" అని గార్డు చెయ్యి ఊపుతాడు. బ్యాచిలర్లకు లేదు, పొమ్మని. ఊరి మధ్యలో కార్నిష్ అనే ఒడ్డు రోడ్డు మీద రాళ్ళకవతల నీళ్ళు చూశాను. చూడటం వేరు, దిగటం వేరు.

ఫోన్లో మా మాటలు ఎప్పుడూ రెండు నిమిషాలకు మించవు. వంటయిందా అంటాను. అయింది అంటుంది. నువ్వు తిన్నవా అంటుంది. తిన్న అంటాను. ఆ రోజు ఆమె వంట కాని దాని గురించి అడిగింది. వారం తర్వాత ఆమే ఫోన్ చేసి, "బీడీల పైసలచ్చినయి. నేనే వస్త. సముద్రం సూస్త. ఒక్క దినమన్న దాని ముంగట కూసుంట, ఏ పని లేకుంట" అంది. నేను సముద్రం అన్న మాట విన్నాను. తక్కిన మాట వినలేదు.

బీడీల పైసలంటే పెళ్ళికి ముందు నుంచీ ఒళ్ళో చాట పెట్టుకుని ఆకు చుట్టగా పీఎఫ్ కింద జమైన పైసలు. కార్ఖానాలో గుమాస్తా ఆమె కట్టలు విప్పి, చేతికి వచ్చినన్ని పక్కకు పడేసి, ఇవి పనికిరావు అనేవాడట. పక్కకు పడేసినవి కూడా ఆయనే అమ్ముకునేవాడట. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు, మా పెద్ద బిడ్డ చెప్పింది. మా అవ్వ, నన్ను కన్నతల్లి, బతికున్నన్నాళ్ళు ఇంకో పాట. "దుబాయ్ మొగడున్నదానికి బీడీలేందే, నలుగురిల మా ఇజ్జత్ తీసుడు" అనేది. నేను పంపినవి ఇంటి మీదికి, బిడ్డల మీదికి పోతే ఆ బీడీలతోనే మా అవ్వకు మందులు వచ్చేవి. అది అవ్వకూ తెలుసు. ఇద్దరూ ఆడపిల్లలే అయ్యారని ఇంకో మాట. "కొడుకును కననిదానికి నడుం నొప్పులేంది" అనేది. నేను సెలవు మీద పోయినప్పుడు ఈ మాటలు నా ముందే అనేది. నేను అన్నం తింటుండేవాణ్ణి. గౌరవ్వ నాకు వడ్డిస్తుండేది. నేనేమీ అనలేదు. అనాలని తట్టలేదు.

చలికాలం మొదలయ్యాక వచ్చింది. నెల రోజుల వీసా. క్యాంపులో ఆడవాళ్ళను ఉండనివ్వరు. గౌరవ్వ చెల్లెలి బిడ్డ రాణి దోహాలో ఉమ్ ఘువైలినాలో ఉంటుంది. ఒక క్లినిక్‌లో క్లీనింగ్ పని. భర్తతో కలిసి ఒక గదిలో అద్దెకుంటుంది. అక్కడ దిగింది. "పెద్దమ్మా, నువ్వు రెస్ట్ తీసుకో" అని రాణి డ్యూటీకి పోయేదట. సాయంత్రం వచ్చేసరికి గది కడిగి, బట్టలు ఉతికి, రొట్టెలు చేసి ఉండేవట. నెలకు నాలుగు శుక్రవారాలు. సముద్రానికి ఆ నాలుగే.

మొదటి శుక్రవారం మా రత్నాకర్ బండి తెచ్చాడు. రత్నాకర్ మా పక్క ఊరివాడే, కంపెనీ మినీబస్సు డ్రైవరు. సూపర్‌వైజర్‌ను అడిగి తెచ్చానన్నాడు. బండిలో అతను, మేస్త్రీ పని చేసే మారుతి, ఇంకో ముగ్గురు ఉన్నారు. ఊకె గేటు దాకా వస్తం కాకా అన్నారు. వక్రా ఊరు దాటాక ఒడ్డు గేటు దగ్గర నేపాలీ గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. ఫ్యామిలీ ఓన్లీ అన్నాడు. రత్నాకర్ అద్దం దించి వెనక్కి చూపించాడు.

"ఫ్యామిలీనే భాయ్. మేరీ మా. యే సబ్ భాయ్ లోగ్."

గార్డు లోపలికి వంగి చూశాడు. ఏ ఇద్దరి ముఖాలూ కలవలేదు. గౌరవ్వ కొంగు సర్దుకుంది. అతనికి ఏం గుర్తొచ్చిందో, నవ్వి, "మాజీ హై తో జావ్" అని, అమ్మ ఉంటే పొమ్మని గొలుసు దించాడు.

బండిలో అరుపులు చూడాలి. "అవ్వా, నువ్వు మా పాస్‌పోర్టువే!" అని మారుతి ఆమె పాదాలు పట్టుకున్నాడు. ఆమె కూడా నవ్వింది. బండి ఆగీ ఆగకముందే మగవాళ్ళు చొక్కాలు విప్పి పరుగెత్తారు. నేనూ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి దిగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. కాళ్ళ కింద ఇసుక మెల్లగా జారిపోతుంటే ఎవరో పాదాలు పిసికినట్టుంది. మోకాళ్ళ నొప్పి కాసేపు ఎక్కడికో పోయింది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. గౌరవ్వను పిలుద్దామని తిరిగి చూశాను.

ఆమె బండి వెనుక ఉంది. రత్నాకర్ చిన్న గ్యాస్ పొయ్యి, కోళ్ళు, బియ్యం తెచ్చి పెట్టాడు. "జర మసాల కలుపు అవ్వా, మేం ఇట్ల మునిగి అట్లొస్తం" అన్నాడట. గాలి సముద్రం మీది నుంచి వస్తోంది. మంట ఆరిపోకుండా ఆమె గాలికి అడ్డంగా కూర్చుంది. అంటే సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది.

"ఓయ్, రా" అన్నాను.

గరిటె పైకెత్తి చూపించింది. "మాడుతది."

మేం తినేసరికి పొద్దు గుంకింది. గిన్నెలు ఇసుకతో తోమింది. కడగటానికి నీళ్ళు మారుతియే డబ్బాతో తెచ్చాడు. అప్పటికి సముద్రం కనపడటం లేదు, చప్పుడు మాత్రం ఉంది. తిరిగి వస్తుంటే ఆమె మారుతిని అడిగింది, "సముద్రం నీళ్ళు నిజంగ ఉప్పుంటయా కొడుకా?"

"ఉప్పే అవ్వా. నువ్వు సూడలేదా?"

"నాకు కూరల ఉప్పు సూసుకునుడే అయింది."

బండంతా నవ్వింది. నేనూ నవ్వాను.

రెండో శుక్రవారానికి సంగతి క్యాంపంతా పాకింది. ముత్యం కాక ఇంటామె ఉంటే గేటు తెరుస్తరట అని. స్టోరు దగ్గరికి వచ్చి నాకు సిగరెట్లు ఇచ్చారు. నేను తాగను. అయినా తీసుకున్నాను. ఆ వారం మెస్సులో నాకు ముందు వరుసలో చోటిచ్చారు. నిజం చెప్పాలంటే బాగుంది నాకు. ఈసారి ఉత్తరం వైపు రోడ్డులో వేరే ఒడ్డు. రెండు బండ్లు, తొమ్మిది మంది. గేటు ముందు రత్నాకర్ వెనక్కి తిరిగి పాఠం చెప్పాడు. "అవ్వా, అడిగితే అందరు నా కొడుకులే అనాలె. మర్సిపోకు." ఆమె తల ఊపింది. లోపలికి పోయాక మళ్ళీ పొయ్యి, మళ్ళీ గాలి. ఎవడో "పోయినసారి కంటె కారం తక్కువైందవ్వా" అన్నాడు. ఆ రోజు తిరుగు దారిలో ఆమె నాకొక్కడికే వినపడేట్టు అంది.

"ఇంట్ల ఒక్క కొడుకు లేడని మీ అవ్వ సచ్చెదాక తిట్టె. ఇక్కడ గేటు కాడ తొమ్మిదిమంది పుట్టిండ్రు. పురిటి నొప్పుల్లేవు, స్నానం లేదు. పుట్టంగనే ఆకలి మాత్రమున్నది."

సరదాకు అంటోందా, బాధతో అంటోందా తెలియలేదు. ఆమె ముఖం చూశాను. బయటికి చూస్తోంది. బయట ఏమీ లేదు, ఇసుక, కరెంటు స్తంభాలు. చలి పెడ్తుందా అని అడిగాను. ఈపుకు పెడ్తుంది అంది. నా స్వెటర్ ఇచ్చాను. అదే సరైన పని అనుకున్నాను.

మూడో గురువారం ఫోన్ చేసి అడిగింది. "రేపు మనమిద్దరమే పోదమా? ట్యాక్సీల. నేను అన్నం కట్టుకొస్త. సల్లదే తిందం." సరే అన్నాను. మనసారానే అన్నాను. హమీదుద్దీన్ అని నిజామాబాద్ ట్యాక్సీ ఆయన ఉంటే మాట్లాడి పెట్టాను కూడా. పొద్దున మారుతి నా మంచం దగ్గర నిలబడ్డాడు. వాళ్ళ నాయన పోయి ఇరవై రోజులైంది. సెలవు దొరకలేదు, పోలేకపోయాడు. కర్మ వీడియోలో చూశాడు. "కాకా, నేను గూడ వస్త. ఊకె కూసుంట. ఏం అడగ" అన్నాడు. ఎట్లా వద్దంటాను. రత్నాకర్ విన్నాడు. "వాన్ని తీస్కపోయి నన్నిడ్సిపెడ్తవా? బండి ఎవనిది కాకా?" అన్నాడు. ట్యాక్సీ వద్దని చెప్పాల్సి వచ్చింది.

ఉమ్ ఘువైలినాలో రాణి వాళ్ళ బిల్డింగు ముందు బండి ఆగింది. గౌరవ్వ చేతిలో చిన్న టిఫిన్ డబ్బాతో దిగి వచ్చింది. మెరుపంచు చీర కట్టుకుంది. అద్దాల్లోంచి ఎనిమిది తలలు చూసింది. నన్ను చూసింది. నేను నోరు తెరిచేలోపు వెనక్కి తిరిగి మెట్లెక్కి పోయింది. అలిగింది, రాదు అనుకున్నాను. మసాలా డబ్బా తీసుకుని మళ్ళీ దిగి వచ్చింది.

ఆ రోజు మారుతి నీళ్ళలో మునిగి లేచి, మళ్ళీ మునిగి, ముఖం కడుక్కుంటున్నట్టు చేస్తూ ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి తెలిసింది. క్యాంపులో ఒక గదికి ఎనిమిది మంది. ఏడవడానికి చోటుండదు. వాడు ఏడ్చి తేలికపడి ఒడ్డుకు పోయి గౌరవ్వ పక్కన కూర్చుని, "అవ్వా, బొక్క ముక్కెయ్యి" అన్నాడు. ఆమె వేసింది. వాడి తల మీద చెయ్యి పెట్టింది కూడా.

ఆదివారం స్టోరులో కూర్చుని ఇనుప చువ్వల లారీ కోసం ఎదురుచూస్తూ దీని గురించి ఆలోచించాను. ఆలోచించడం నాకు అలవాటు లేని పని. తప్పెవరిదో తేలలేదు. మారుతి ఏడుపు గౌరవ్వ లేకపోతే లోపలే ఉండిపోయేది. గేటు పెట్టింది మారుతి కాదు. పెళ్ళాన్ని తెచ్చుకునే జీతం లేకపోవడం వాడి తప్పు కాదు. గౌరవ్వ ఉండగా మేం మనుషుల లెక్కలోకి వచ్చాం. అదీ నిజం. మరి గౌరవ్వ ఏ లెక్కలోకి వచ్చింది? ఆమెకు ఈ మూడు ఒడ్లలో ఏ ఒడ్డు బాగుందని అడిగితే ఏం చెప్తుంది? పొయ్యి పెట్టిన చోట్లు చెప్తుంది. ఒకచోట రాళ్ళు, ఒకచోట ముళ్ళపొద, ఒకచోట బండి చక్రం. అంతవరకు ఆలోచన వచ్చింది. దాని తర్వాత ఏం చెయ్యాలో రాలేదు. లారీ వచ్చింది. సంతకం పెట్టాను.

నాలుగో శుక్రవారం ఆఖరుది. శనివారం రాత్రి ఆమె విమానం. బుధవారమే రత్నాకర్ వచ్చి, "కాకా, అవ్వకు దావత్ ఇస్తున్నం. యాటకూర. పదకొండు మందిమి" అన్నాడు.

"ఎవరు వండుతరు?" అన్నాను.

"అవ్వనే. ఇంకెవలకొస్తది?"

తల ఊపాను. ఆమె కోసం దావత్, ఆమే వండాలి. ఇందులో ఏదో సరిగా లేదని అనిపించింది. ఏది సరిగా లేదో చెప్పే మాట దొరికేలోపు రత్నాకర్ ఉల్లిగడ్డల గురించి మాట్లాడుతున్నాడు.

ఆ రోజు పోయింది ఇంకా ఉత్తరాన ఉన్న ఒడ్డుకు. తెల్లటి ఇసుక, తీగ కంచె, ఒక గేటు. గేటు దగ్గర ఆడ గార్డు ఉంది. కెన్యా మనిషి. చొక్కా మీద పేరు మరియం అని ఉందని రత్నాకర్ చదివాడు. ఆమె బండి చుట్టూ తిరిగి అందరినీ దిగమంది. పన్నెండుమంది మగవాళ్ళం వరుసగా నిలబడ్డాం.

"సబ్ ఫ్యామిలీ?" అంది.

"సబ్ బేటా, మేడమ్" అన్నాడు రత్నాకర్.

మరియం పెద్దగా నవ్వింది. "మామా! ఇత్నా బేటా? మామా వెరీ స్ట్రాంగ్!" మావాళ్ళు కూడా నవ్వారు. నవ్వింది కదా, వదిలేస్తుంది అనుకున్నాం. కానీ ఆమె గౌరవ్వ దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యేసి, మెల్లగా అడిగింది. "మామా, తుమ్ బోలో. తుమారా బేటా?"

మా వైపు ఊరి సంతలో తిరిగిన మనిషికి ఆ మాత్రం ఉర్దూ తెలుసు. గౌరవ్వ మా వరుసను ఒక చివరి నుంచి చూసుకుంటూ వచ్చింది. రత్నాకర్ చేతిలో యాటమాంసం గిన్నె ఉంది. మారుతి చంకలో పొయ్యి ఉంది.

"నాకు కొడుకుల్లేరు" అంది మా భాషలోనే. రెండు వేళ్ళు చూపింది. "దో బేటీ. బేటా నై."

"అవ్వా, గట్లనకే! ఎంట్రీ ఉండది మనకు!" అన్నాడు రత్నాకర్.

మరియం నవ్వు తగ్గింది. నా తెల్ల జుట్టు చూసి నా వైపు వేలు పెట్టింది. "యే? హస్బెండ్?"

గౌరవ్వ నన్ను చూసింది. చెప్పుల నుంచి మొదలుపెట్టి పైకి చూసింది. స్టోరు గేటు దగ్గర కార్డు లేని మనిషి వస్తే నేను అట్లానే చూస్తాను. చాలాసేపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. నేను వెతికాను, లేదు.

"మాలూం నై" అంది.

మరియం నా వైపు, గౌరవ్వ వైపు ఒకసారి చూసింది. ఆమెకు ఏం అర్థమైందో నాకు తెలియదు. ఒక్క మనిషి పట్టేంత గొలుసు దించింది. "మామా ఓకే. బ్యాచిలర్ మాఫీ."

గౌరవ్వ లోపలికి పోయింది. వెనక్కి చూడలేదు.

"పిలువు కాకా!" అని రత్నాకర్ నన్ను కుదిపాడు. నోరు తెరిచాను. ఇంట్లో ఓయ్ అంటాను. అంతమంది ముందు, అంత దూరం, ఓయ్ అని ఎట్లా అరుస్తాను. పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. పిలవలేదు.

"యాటకూర ఎవడు వండాలె ఇప్పుడు?" రత్నాకర్ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. ఎవడో "ముత్యం కాకకు ఇడుపు కాయితమిచ్చిందిర బయ్" అన్నాడు. ఇంకెవడో "కాకా, ఇయ్యాల్టి సంది నువ్వు అసలైన బ్యాచిలర్‌వే" అని వీపు చరిచాడు. మారుతి మాత్రం నవ్వలేదు. "మనమేం జేసినం కాకా?" అన్నాడు. చిన్నగా అడిగాడు. నాకు తెలిస్తే చెప్పేవాణ్ణి.

వాళ్ళు కంచె ఇవతల, రోడ్డు పక్కన కంకర మీద పొయ్యి పెట్టారు. ఉప్పు వేశావా, నువ్వేశావా అని కొట్లాడుకున్నారు. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను.

ఆమె నీళ్ళ అంచుదాకా పోయి ఆగింది. కుడి పక్క చూసింది, ఎడమ పక్క చూసింది, ఎవరినో అడగాలన్నట్టు. ఎవరూ లేరు అడగడానికి. కూర్చుంది. అంతే. ఎంతసేపైనా లేవలేదు. ఏం చేస్తోంది అని చూశాను. ఏమీ చెయ్యడం లేదు. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి, వాటిలో ఏమీ లేదు. ఆకు లేదు, గరిటె లేదు, చీపురు లేదు, నాకిచ్చే చెంబు లేదు. ఆమె చేతులు ఊరికే ఉండగా నేను ఎప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది. నన్ను తెలియదంది. ముప్పై ఆరేళ్ళలో నేను ఆమె దగ్గరున్న నెలలన్నీ కలిపితే ఎన్నేళ్ళవుతాయో. ఆ నెలల్లో కూడా ఇంటి నిండా చుట్టాలే. ఆమె నిద్రపోతుంటే చూశానా? తింటుంటే చూశానా? ఒకటీ గుర్తు రాలేదు. గుర్తొచ్చేవన్నీ ఆమె వడ్డిస్తున్నవే. మరి తెలియదంటే అబద్ధం ఎట్లా అవుతుంది? అబద్ధం కాకపోతే నేను ఈ కంచె ఎందుకు వదల్లేకపోతున్నాను? ఇద్దరిలో ఎవరు ఎవరికి తెలియదు? ఈ చిక్కు నాకు ఇప్పటికీ విడిపోలేదు.

కాసేపటికి లేచి చీరతోనే నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళు, నడుము. ఒక అల వచ్చి పడేసింది. కంచె తీగ నా అరచేతిలో దిగింది. ఆమెకు ఈత రాదు. లేచింది. నిలబడి, బర్రె వీపు మీద చరిచినట్టు అరచేత్తో నీళ్ళ మీద చరిచింది. ఒకసారి, ఇంకోసారి. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ దూరం నుంచి కనపడలేదు. చేతిని నోటి దగ్గరికి తీసుకుపోయింది. ఉప్పు చూసింది.

తర్వాత పక్కన కూర్చున్న ఎవరిదో ఫ్యామిలీలో ఒకామె కప్పులో ఏదో పోసి ఇచ్చింది. గౌరవ్వ రెండు చేతులతో తీసుకుని నిలబడే తాగింది. ఆమెకు ఒకరు పోసి ఇస్తే తాగడం, అదీ అప్పుడే చూశాను. ఆ పోసిన మనిషి ఎవరో నాకు తెలియదు. ఆమె మీద నాకు కోపం వచ్చింది. ఎందుకో తెలియదు.

పొద్దు గుంకుతుంటే గౌరవ్వ బయటికి వచ్చింది. మరియం చెయ్యి ఊపితే తానూ ఊపింది. నేరుగా బండి దగ్గరికి వచ్చింది. చీర నుంచి నీళ్ళు కారుతున్నాయి, జుట్టులో ఇసుక.

"అన్నమున్నదా?" అంది.

మారుతి లేచి ప్లేటులో పెట్టి ఇచ్చాడు. బండి మెట్టు మీద కూర్చుని మొత్తం తింది. చెయ్యి నాకింది.

"ఉప్పెక్కువైంది గని మంచిగనే వండిండ్రు. వచ్చుగద మీకు" అంది.

రత్నాకర్ తల దించుకుని బండి స్టార్ట్ చేశాడు. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె చీర తడి నా ప్యాంటుకు అంటింది. దోహా దీపాలు కనపడుతుండగా అడిగాను.

"కొడుకులు కాదన్నవు, సరే. నన్నెందుకు తెల్వదన్నవు?"

ఆమె వెంటనే చెప్పింది. దాచుకున్నది కాదు, అడిగితే చెప్పేదే.

"తెల్సని చెప్తే నువ్వు లోపటికి వస్తవు. నువ్వొస్తే నీకు ఆకలైతది."

అడగకపోయేవాణ్ణి అని చెప్పబోయాను. అది నిజమని నాకే అనిపించలేదు.

మర్నాడు పొద్దున డ్యూటీకి అర పూట సెలవు పెట్టాను. నా మంచం మీద మూటలున్నాయి. ఎవరైనా ఇంటికి పోతుంటే క్యాంపులో అందరూ తమ ఇళ్ళకు సామాను ఇచ్చి పంపుతారు. పాలపొడి, అత్తరు, తలనొప్పి మందు, పిల్లల బట్టలు. నిన్న అంత జరిగినా పొద్దున మూటలు వచ్చాయి. అలవాటు అట్లాంటిది. "అవ్వకియ్యి కాకా, ఊళ్ళె మావోళ్ళొచ్చి తీస్కుంటరు" అన్నాడు రత్నాకర్.

"అడగాలె" అన్నాను.

"ఎవర్ని?"

"ఆమెను. తీస్కపోతదో లేదో."

"నీ పెండ్లాన్ని నువ్వు అడుగుడేంది కాకా?" అని నవ్వాడు. నేను మూటలు మంచం మీదే వదిలేసి బస్సెక్కాను.

ఉమ్ ఘువైలినాలో రాణి తలుపు తీసింది. డ్యూటీ డ్రెస్సులో ఉంది. "పెద్దబాపూ, పెద్దమ్మ ఇంక పండుకునే ఉన్నది. లేపాల్నా?" అంది. ఎండ కిటికీలోంచి లోపలిదాకా వచ్చింది. రాణి భుజం మీది నుంచి చూశాను. గౌరవ్వ గోడ వైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని నిద్రపోతోంది. పొద్దెక్కిన తర్వాత ఆమె నిద్రపోవడం నేనెరగను.

వద్దన్నాను. బయటికి వచ్చి మెట్ల మీద, చెప్పుల పక్కన కూర్చున్నాను. ఆమె లేస్తే ఏమని అడగాలో, మూటల గురించే అడగాలో, ఇంకేదైనా అడగాలో తేల్చుకోలేకపోయాను. కాసేపటికి ఆకలైంది. ఎవరికీ చెప్పలేదు.